మొఱ యెప్పుడు ధర్మము, మౌన మెప్పుడు ధర్మము?

పరులయొద్ద పని చేసి జీవించు ప్రతి మనుష్యునకును ఏదో యొకనాడు ఈ ప్రశ్న యెదురుపడక మానదు. పైయధికారివలననో, తోడివానివలననో, పని నడచు పద్ధతివలననో అన్యాయము జరుగుచున్నట్లు కనబడినప్పుడు నోరు విప్పుట మేలా, ఓర్చుకొని యూరకుండుట మేలా? కచేరీలోని గుమాస్తాకును, పాఠశాలలోని ఉపాధ్యాయునకును, కొత్తగూడెపు బొగ్గుగనిలో దిగు కార్మికునకును, భద్రాచలపు మన్యములో తునికాకు కోయు కోయస్త్రీకిని ఈ ప్రశ్న యొక్కటియే. లోకము దీనికి రెండు విధములుగ ఉత్తరము చెప్పుచున్నది. అడుగనిదే అమ్మయైనను పెట్టదని యొక సామెత. నోరు మంచిదైన ఊరు మంచిదని మఱియొక సామెత. రెండును నిజమే. కాని ఏది యెప్పుడు నిజమో సామెత చెప్పదు. దానిని నిర్ణయింపవలసినది మన వివేకము, మన యంతరాత్మ.

విగ్రహారాధనము, బాల్యవివాహము, కులభేదము మొదలగు పెద్ద విషయములను చర్చింపవలసిన యిట్టి పత్రములలో కచేరీ తగవుల ప్రసంగ మేల యని కొందఱు చదువరులు తలపవచ్చును. కాని మనుష్యుడు మేలుకొనియుండు కాలములో చాల భాగము పనిలోనే గడచుచున్నది. వారమున కొకమాఱు మందిరములో కన్నులు మూసికొని సత్యస్వరూపుని ధ్యానించి, తక్కిన ఆఱు దినములును కన్నులు తెఱచికొని యసత్యమునకు సంతకము పెట్టువాని యుపాసన మెంతటిది? ధర్మము పరీక్షకు నిలుచునది పని చేయుచోటనే. కాబట్టి యీ విషయమును నెమ్మదిగ విచారించుట యనావశ్యకము కాదు.

ముందుగా గొణుగుటకును మొఱపెట్టుటకును గల భేదమును గుర్తింపవలెను. దిద్దగలవానితో చెప్పునది మొఱ. దిద్దలేనివానితో చెప్పునది గొణుగుడు. కచేరీ వసారాలో, భోజనవేళ, అధికారి లేనప్పుడు అందఱును కూడి యతని దుర్గుణములను వర్ణించుచుందురు. ఆ మాటలలో నిజ ముండవచ్చును. దుఃఖమును నిజమే కావచ్చును. అయినను ఆ మాటలచే నెవని భారమును తగ్గదు. చెప్పినవానికి క్షణకాలము ఊరట కలిగి, ఆ యూరటచేతనే యతడు చేయవలసిన పని చేయకయే యింటికి పోవును. గొణుగుటలోని దోషము కటువుగ మాటాడుట కాదు. తన కర్తవ్యము తీఱినదని భ్రమపడుట.

మొఱ యట్టిది కాదు. ఈ సీమవారికి దానిని తెలుపుటకు దూరదేశపు దృష్టాంత మక్కఱలేదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ నుండి, సర్కారుసొమ్ముతో భద్రాచలమున గుడి కట్టించెననియు, తానీషా యాయనను గోలకొండలో చెఱబెట్టెననియు ఎల్లరు నెఱుగుదురు. రామదాసు కీర్తనలలో కొన్ని స్తోత్రములు, కొన్ని నిష్ఠురములు. తాను చేయించిన నగలను పేరుపేరున లెక్కపెట్టి ఆయన దేవునే నిలదీసెను. విగ్రహమునందు మనకు విశ్వాసము లేకపోవచ్చును. సర్కారుసొమ్మును అట్లు వెచ్చించుట తగునా తగదా యను వాదమును నటుంచుదము. ఆ నిష్ఠురములలోని మర్మమును మాత్రము గ్రహింపవలెను. ఎవనియందు మనము న్యాయము నాశింపమో వానిని నిలదీయము. రాతితో నెవ్వడును తగవులాడడు. కావున మొఱ యనునది విశ్వాసమునకు మఱియొక రూపము. తన క్రిందివా రెవ్వరును తనతో నేమియు చెప్పుకొనుట లేదని సంతోషించు అధికారి దీనిని బాగుగ నాలోచింపవలెను. వారు తృప్తులై యుండుటచేతనే యూరకున్నారనుటకు నిదర్శన మేమి? ఆయనయం దాశ వదలుకొనియు నుండవచ్చును.

ఇక నే మొఱ పెట్టదగినది, ఏది పెట్టదగనిది? న్యాయవాదినగుటచే నాయొద్దకు పైయధికారులమీద ఫిర్యాదు వ్రాయింపవచ్చువారు కొందఱు గలరు. వారు మొట్టమొదట నడుగు ప్రశ్న “గెలుతుమా?” యనునది. అది యడుగదగిన ప్రశ్నయే. కాని మొదట నడుగదగినది కాదు. దానికి ముందు నాలుగు ప్రశ్నలు గలవు. వాని కుత్తరము దొరకినచో గెలుపోటముల లెక్క తనంత తానే తేలిపోవును.

మొదటి ప్రశ్న: ఈ యన్యాయపు భారము ఎవనిపై పడుచున్నది? నాకు రావలసిన యప్పును నేను మాపివేయవచ్చును. అది నా యౌదార్యము. పొరుగువానికి రావలసిన యప్పును నేను మాపివేసితినన్నచో నన్ను చూచి లోకము నవ్వదా? క్షమకును ఇదియే న్యాయము. నాకు తగిలిన దెబ్బను క్షమించుటకు నాకు పూర్తి యధికారము గలదు. ఇతరులకు తగిలిన దెబ్బను, రేపు తగులబోవు దెబ్బను, క్షమించుటకు నే నెవ్వడను? మన పెద్దమనుష్యులలో ననేకులు దీనిని తలక్రిందులు చేయుచున్నారు. తమ కుర్చీ వెనుకకు జరుపబడినచో పది పుటల యర్జీ వ్రాయుదురు. బంట్రోతు జీతములో అక్రమముగ కోతపడినచో “అది వాని కర్మము” అని శాంతము వహింతురు. తమ విషయమున లేని క్షమయు పరుల విషయమున పొంగిపొరలు క్షమయు ధర్మము కావు. మొదటిది గర్వము, రెండవది పిఱికితనము.

బొగ్గుగనిని జూడుడు. ఎల్లందు ప్రాంతమున 1889లో బొగ్గు త్రవ్వుట మొదలిడిరి. 1920 నుండి సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు వచ్చినది. భూగర్భగనిలో మైనింగు సర్దారు పనివాండ్రు దిగకమునుపే పోయి, కప్పును కఱ్ఱతో కొట్టి శబ్దము విని పరీక్షింపవలెను. గట్టిగ మ్రోగిన కప్పు నమ్మదగినది. డొల్లగ మ్రోగిన కప్పు విడివడినది. చూచినదానిని వ్రాసి సంతకము పెట్టుట యతనికి విధింపబడిన పని. డొల్లశబ్దము వినియు, బొగ్గు తక్కువైన పైవారు కోపింతురని జంకి, “కప్పు బాగున్నది” అని యత డొకమాఱు వ్రాసెననుకొందము. అతని యోర్పును ఎవడైన మెచ్చునా? ఆ కప్పు క్రింద నిలుచువారు వేఱొకరు. ఇట్టిచోట నోరు విప్పుట ఫిర్యాదే కాదు. అది పనిలో నొక భాగము. ప్రతి యుద్యోగములోను ఇట్టి డొల్లశబ్దము లుండును. మందులు చాలని యాసుపత్రి, బీటలువాఱిన పాఠశాల గోడ, లెక్కకు పొసగని చిట్టా ఇట్టివే. విన్నవాడు చెప్పవలసినదే.

కొన్నివేళల మనకు తగిలిన దెబ్బయే పరులకును తగులు దెబ్బయై యుండును. 1809వ సంవత్సరము జనవరి 1వ తేదీన రామమోహనరాయలవారు భాగల్పూరులో పల్లకిలో పోవుచుండగా, కలెక్టరైన సర్ ఫ్రెడరిక్ హామిల్టను ఆయన పల్లకి దిగి తనకు వందనము చేయలేదని దుర్భాషలాడెను. రాయలవారు వీథిలో కలహింపలేదు. ఇంటికి పోయి గొణుగుకొనుచు కూర్చుండను లేదు. ఏప్రిలు 12వ తేదీన గవర్నరు జనరలైన మింటోప్రభువునకు అర్జీ పంపిరి. తనకు జరిగిన యవమానము ఈ దేశపు మర్యాదస్థుల కెవ్వరికైనను జరుగవచ్చుననునదియే యందలి ముఖ్యవిషయము. ఇకమీద నిట్టి తగవులు పెట్టుకొనవలదని ప్రభుత్వము హామిల్టనును హెచ్చరించెను. ఇది పెద్ద శిక్ష కాదు. కాని తన గాయమును పదిమంది రక్షణకు సాధనముగ మార్చుట యిందు గలదు. మన గాయమును గూర్చి మొఱపెట్టవచ్చునా యని సందేహించువారు తమ్ముతా మిట్లు ప్రశ్నించుకొనవలెను: నేను రేపే యీ యుద్యోగము వదలిపోయినచో, ఈ కుర్చీలో కూర్చుండబోవువానికిని ఇదియే జరుగునా? జరుగుననిన, అది యికమీద నా స్వంతవిషయము కాదు.

రెండవ ప్రశ్న: వినువానికి వినుటకు చెవియు, దిద్దుటకు చేయియు గలవా? వీనిలో నేది లేకున్నను మొఱ వ్యర్థమగును. భద్రాచలపు మన్యచరిత్రము దీనికి సాక్ష్యము. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్యపరగణాలనుండి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేర్చిరి. అంతవఱకు పోడు కొట్టుకొను కొండవారు గొడ్డలి యొక్కటికి నాలుగణాల చొప్పున పన్ను చెల్లించుచుండిరి. గొడ్డలి యనగా ఒక గొడ్డలితో నరికి సాగుచేసికొనగల నేల. మద్రాసువా రీ పన్నును మూడింతలు చేసి, కొన్ని యడవులలో పోడునే నిషేధించిరి. ప్రక్కనున్న రంపసీమలో మన్సబుదారు కల్లుగీతపై క్రొత్త పన్నులు పిండుచుండెను. ఇవి చాలక, మైదానపు వర్తకులు కొండవారిచే అన్యాయపు ఒడంబడికలు చేయించుకొని, కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది రాలేదని ఏకపక్షపు డిక్రీలు పొంది, చేతికి దొరకిన సొత్తునెల్ల జప్తు చేయించుచుండిరి. 1879 మార్చిలో రంపసీమయందు తిరుగుబాటు పుట్టెను. ఆ జూలైకి రేకపల్లి ప్రాంతమునకును వ్యాపించెను. పిమ్మట రెవిన్యూబోర్డు సభ్యుడైన సల్లివను దొర విచారణకు వచ్చెను, మన్సబుదారు తొలగింపబడెను. నెత్తురు చిందిన తర్వాత వినినదానిని ముందుగనే వినియుండరాదా?

ఏకపక్షపు డిక్రీ యను మాటను మనము నిత్యము కోర్టులలో వినుచున్నాము. “పిలిచితిమి, రాలేదు, కావున చెప్పుకొనదగిన దేమియు లేదు” అని దాని యర్థము. వచ్చుటకు దారి యున్నదా, నోటీసు చదువుటకు అక్షరజ్ఞాన మున్నదా, న్యాయాధిపతి యెదుట పలుకుటకు భాష యున్నదా యని చట్టము విచారింపలేదు. మన కచేరీలలోను, కర్మాగారములలోను, ఇండ్లలోను దినమున కెన్ని యేకపక్షపు డిక్రీలు పుట్టుచున్నవి! “ఫిర్యాదుల పెట్టె పెట్టితిమి, ఎవ్వరును కాగితము వేయలేదు” అనుట యట్టి డిక్రీయే. మన్యమువారి మౌనమును సమ్మతిగ నెంచిన పాలకులు ఒకమాఱు నేర్చిన పాఠమును నిలుపుకొనలేదు. నలువది యేండ్లు దాటిన పిమ్మట, తూర్పు మన్యములోని గూడెమున డిప్యూటీ తహసీలుదారు బాస్టియను నర్సీపట్నమునుండి లంబసింగివైపు బాట వేయించుటకు కొండవారిచే స్వల్పమైన కూలికి చాకిరి చేయించెను. కూలి విషయమైన యీ కసి మఱికొన్ని కష్టములతో గూడి, అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుఠాణాపై దాడిగ పరిణమించి, 1924 వఱకును మండినది. నేడు రేకపల్లి యాంధ్రప్రదేశములోను, భద్రాచలపు పట్టణము తెలంగాణములోని భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోను ఉన్నవి. సరిహద్దులు పెక్కుమాఱులు మాఱినవి. మౌనమును సమ్మతి యని చదువుకొను నలవాటు మాత్రము మాఱలేదు.

రాయలవారి యర్జీ ఫలించుటకును కొండవారి మాట చెవికెక్కకుండుటకును కారణ మేమి? కొండవారికి జరిగిన యన్యాయము తక్కువది కాదు, వేయిరెట్లు పెద్దది. రాయలవారికి పాలకుల భాష వచ్చును. కాగితముపై విషయమును నిలుపగల చదువు గలదు. అర్జీని చదివించుటకు తగిన పేరు గలదు. ఈ మూడును లేనివాని మొఱకు ఈ మూడును గలవాడు నోరు కావలెను. మన సమాజమువారిలో ద్వారకానాథ గంగూలీగారు ఇట్లే చేసిరి. 1886లో ఆయన అస్సాము తేయాకు తోటలకు స్వయముగ పోయి, కూలీల దుర్దశను కన్నులార చూచి, సంజీవని, బెంగాలీ పత్రికలలో వెల్లడించిరి. అప్పటి 1882 చట్టము పాఱిపోయిన కూలీని వారంటు లేకయే పట్టుకొనుటకు తోటదొరల కధికార మిచ్చియుండెను. ముందుగ సొమ్ము పుచ్చుకొని పని విడుచుటను 1859 చట్టము నేరముగ నెంచియుండెను. అట్టి కూలీని “నీవేల ఫిర్యాదు చేయవైతివి?” అని యడుగుట క్రూరత్వము. ఆయన యట్లడుగలేదు, తానే పోయి చూచి, తానే వ్రాసెను.

మూడవ ప్రశ్న: నేను చెప్పునది సత్యమా? నా సత్యమును నేను చూపగలనా? ఈ రెండును వేఱు. కోపము సత్యమునకు శత్రువు కానక్కఱలేదు, కాని మంచి సాక్షి కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, ఉద్యోగుల లంచగొండితనమును బయటపెట్టిరి. పలుకుబడిగలవారి మీద వ్రాయువానికి ఆధారమే కవచము. ఏ దినమున, ఏ చోట, ఎవ్వరియెదుట, ఎంత సొమ్ము, ఏ కాగితము అని చెప్పగలిగిన మొఱను త్రోసివేయుట కష్టము. “వీరెల్లరు దుర్మార్గులు” అను మొఱను త్రోసివేయుట సులభము. ఒక్కొక్కప్పుడు న్యాయమును గూడను. కాబట్టి మొఱపెట్టదలచినవాడు కొన్ని దినములు చూచినది చూచినట్లు వ్రాసికొనవలెను. వినికిడిని చూపుతో కలుపరాదు. ఉద్దేశమును ఊహించి యారోపింపరాదు. జరిగినదానిని మాత్రమే చెప్పవలెను. వీలైనచో ఎవనిపై చెప్పదలచెనో వానితోనే మొదట నేకాంతమున చెప్పవలెను. అనేక యన్యాయములు తెలియకయే జరుగుచున్నవి, మర్యాదతో తెలిపినంతనే తొలగుచున్నవి. కడపట, తాను కోరు దిద్దుబాటేమో స్పష్టముగ చెప్పవలెను. కోరిక లేని ఫిర్యాదు వినువానికి భారమే కాని బాధ్యత కాదు. ఇట్లు వ్రాసికొనుటలో మఱియొక మేలు గలదు. వ్రాయుచుండగనే కొన్ని ఫిర్యాదులు కరగిపోవును. వ్రాసి చూచుకొన్న పిదప మిగిలినది నా గర్వమునకు తగిలిన గీఱు మాత్రమే యని తేలినచో, ఆ కాగితమును చించివేయుటయే ధర్మము.

నాలుగవ ప్రశ్న: ఈ మొఱకు వెల యెంత? ఆ వెల చెల్లించువా రెవ్వరు? దీనిని విచారింపక శౌర్యమును బోధించుట బోధకుల కలవాటైన తప్పు. మాట చెప్పినవాని యుద్యోగము పోవచ్చును. దూరప్రదేశమునకు బదిలీ కావచ్చును. ఇంటిలో పొయ్యి వెలుగకపోవచ్చును. వెల నీవే చెల్లింపగలవేని, చెల్లింపుము. నీ బిడ్డలు చెల్లింపవలసినచో నాలోచింపుము. నీతో సాక్ష్యము చెప్పు పేదవాడు చెల్లింపవలసినచో, వాని యనుమతి లేక వాని పేరెత్తకుము. దినకూలితో బ్రదుకు స్త్రీ తన మేస్త్రీ మీద మొఱపెట్టక యూరకున్నచో ఆమెను పిఱికిదనుటకు మనలో నెవ్వరికిని హక్కు లేదు. ఆమె మౌనము పాపము కాదు. ఆ మౌనము నెఱిగియు, నష్టమేమియు లేక మాటాడగలిగియు, మాటాడని విద్యావంతుని మౌనము పాపము. వెల తక్కువ చెల్లింపగలవానికే బాధ్యత యెక్కువ. ఒక్కడు చెల్లింపలేనిదానిని పదిమంది పంచుకొని చెల్లింపవచ్చును. కార్మికసంఘములు పుట్టుటకు మూలమిదియే.

ఈ నాలుగు ప్రశ్నలకు నుత్తరము చెప్పుకొన్నవాని కిక గెలుపును గూర్చిన ప్రశ్న మునుపటివలె భయంకరముగ తోపదు. ఓడిన మొఱయు కొన్నివేళల వ్యర్థము కాదు. 1823లో పత్రికల స్వాతంత్ర్యమును హరించు శాసనము పుట్టినప్పుడు రామమోహనరాయలవారు మిత్రులతో గూడి కలకత్తా సుప్రీముకోర్టునకు విన్నవించిరి, త్రోసివేయబడెను. ఇంగ్లాండు రాజునకు విన్నవించిరి, అదియు త్రోసివేయబడెను. తమ పారసీక పత్రికను మూసివేసిరి. 1833లో బ్రిస్టలులో కాలధర్మము నొందిరి. 1835లో మెట్కాఫు కాలమున ఆ నిర్బంధములు తొలగినవి. గంగూలీగారు 1898లో గతించిరి. 1859 చట్టము రద్దగుటకు 1925లో చట్టము చేయవలసి వచ్చినది.

మన కాలమునకు దగ్గఱ దృష్టాంతము మఱియొకటి గలదు. రాజస్థానములో నొక గ్రామసేవికకు బాల్యవివాహములను మాన్పించుట ఉద్యోగధర్మము. ఆ ధర్మమును నెఱవేర్చినందుకు 1992లో ఆమెపై ఘోరమైన యత్యాచారము జరిగెను. ఆమె దాచుకొనలేదు, మొఱపెట్టెను. 1995లో విచారణన్యాయస్థానము నిందితులను అత్యాచారపు నేరమునుండి విడిచిపుచ్చెను. అయినను ఆ మొఱ నాధారము చేసికొని విశాఖ యను స్త్రీసంఘమును మఱికొందఱును సుప్రీముకోర్టునకు పోగా, పని చేయుచోట స్త్రీల రక్షణకై 1997లో నియమములు వెలువడినవి. 2013లో అవియే చట్టమైనవి. తనకు దక్కని న్యాయమును ఆమె లక్షలకొలది స్త్రీలకు దక్కించెను. బాల్యవివాహములపై వ్యాసములు వ్రాసిన మనము, వానిని మాన్పబోయిన యా పేదస్త్రీ చెల్లించిన వెలను తలచుకొని తల వంపవలెను. అట్టి త్యాగమును ఇతరులనుండి కోరుటకు మన కధికారము లేదు. అది తనంత తాను చేయబడినప్పుడు, దానిని వ్యర్థము కానీయకుండుట మన కర్తవ్యము.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. ఉప్పు తిన్నయింటికి ద్రోహము చేయరాదు గదా, యజమానుని తప్పును బయటపెట్టుట కృతఘ్నత కాదా యని కొంద ఱందురు. ఉప్పు ఋణము నిజమైన ఋణమే. దానిని నేను తేలికపఱుపను. కాని దాని మొదటి వాయిదా చెల్లించుచోటు యజమానుని చెవియే. తప్పును మొదట నతనికే చెప్పువాడు మిత్రుడు. చెప్పక దాచి, అతడు గోతిలో పడినప్పుడు ప్రక్కకు తొలగువాడు ముఖస్తుతి చేసి బ్రదుకువాడు. చెప్పియు వినకున్నచో, పరుల ప్రాణమునకో సొమ్మునకో హాని కలుగుచున్నచో, అంతకంటె పెద్ద ఋణ మొకటి మనపై నున్నది. ఆ ఋణము మన కందఱకును తండ్రియైన పరమేశ్వరునిది. జీత మిచ్చువానికి మన శ్రమపై హక్కు గలదు; మన యంతరాత్మపై లేదు.

మౌనము ధర్మమగు సందర్భములను గూడ చెప్పనిచో ఈ విచారణ పూర్తి కాదు. పొరపాటొకమాఱు జరిగి, చేసినవాడే సిగ్గుపడి దిద్దుకొన్నచో మౌనము ధర్మము. నష్టము మనది మాత్రమే యై, స్వల్పమై, మనస్సు దానిని నిజముగ విడిచివేయగలిగినచో మౌనము ధర్మము. విడిచివేసితినని చెప్పి లోలోపల పెంచుకొనునది మౌనము కాదు. అది వడ్డీతో పెరుగు అప్పు. తగిన సాక్ష్యము చేతికి చిక్కువఱకు కాచుకొనియుండుటయు ధర్మమే. కాని పరులకు హాని జరుగుచుండగా “తగిన సమయము రాలేదు” అని యేండ్లకొలది చెప్పుకొనుచుండుట కాచుకొనుట కాదు.

ఇంతవఱకు మొఱపెట్టువానిని గూర్చి చెప్పితిని. ఈ పత్రమును చదువువారిలో ననేకులు మొఱ వినవలసినవారు: అధికారులు, భూస్వాములు, పాఠశాలల పెద్దలు, ఇంటి యజమానులు, యజమానురాండ్రు. మొఱకు ఫలము కలుగునా లేదా యను ప్రశ్నకు సగ ముత్తరము మీ చేతిలోనున్నది. 2005లో చేసిన గ్రామీణ ఉపాధిహామీ చట్టము క్రింద, ఉమ్మడి యాంధ్రప్రదేశములో 2006 నుండి సామాజిక తనిఖీ యను పద్ధతి నడిపిరి. కూలీల కుటుంబములలోని చదువుకొన్న యువకులకు తర్ఫీదిచ్చి, మస్టరుపట్టీలను వారిచేతికిచ్చి ఇంటింటికి పంపిరి. “నీ పేర ఇన్ని దినములు వ్రాసినారు, ఇంత కూలి వ్రాసినారు, నిజమేనా?” అని వారడిగిరి. పిమ్మట మండలకేంద్రమున అందఱియెదుట విచారణ జరిగెను. పట్టుబడిన సొమ్మంతయు తిరిగి వసూలు కాలేదు. అయినను అందొక గొప్ప ధర్మసూక్ష్మము గలదు. మొఱ చెవిని వెదకికొని రాలేదు. చెవియే మొఱను వెదకికొని పోయినది. రంపలోని ఏకపక్షపు డిక్రీకి ఇది సరియైన ప్రత్యుత్తరము.

మన్యములో వేసవి నడిమి యెండలో స్త్రీలు తెల్లవాఱకమునుపే యడవికి పోయి తునికాకు కోసి, ఏబదేసి యాకులను కట్టకట్టి, సాయంకాలము కల్లమునకు తెత్తురు. 1971 చట్టముతో ఈ యాకు వ్యాపారము ప్రభుత్వపు చేతిలోనికి వచ్చినది. కల్లమువద్ద లెక్క చూచువాడు కొన్ని కట్టలు బాగుగ లేవని త్రోసివేసెననుకొందము. ఆమె యెవరితో చెప్పుకొనవలెను? ఎంత దూరము నడువవలెను? ఏ భాషలో చెప్పవలెను? చెప్పినందువలన రేపు ఆమె కట్టలన్నియు త్రోసివేయబడవని యెవరు పూచీ పడుదురు? ఈ నాలుగింటికి నుత్తరము సిద్ధముగ నుంచనివాడు, ఆమె యేల నడుగలేదని యాశ్చర్యపడరాదు.

సోదరులారా, సోదరీమణులారా, ఈ ప్రశ్నలను మన యిండ్లలోనికి గూడ తీసికొనిపోవుదము. మన వంటవాడు మనతో “అయ్యా, మీరు చేసినది న్యాయము కాదు” అని యెప్పుడైన చెప్పెనా? చెప్పినచో మఱునాడు వాని పని నిలిచెనా? మన క్రింది గుమాస్తా మన తప్పును మనకు చూపగలడా? చూపలేడేని, మన పైవారిమీద మనము వ్రాయు అర్జీ యెంత సుందరముగ నున్నను దానిలో డొల్లశబ్దమే వినబడును.

సర్వసాక్షివైన పరమేశ్వరా, నీవు పలుకలేనివాని పలుకును విను తండ్రివి. మాకు తగిలిన దెబ్బలను క్షమించుటకు పెద్దమనస్సును, పరులకు తగులు దెబ్బలను చూచి యూరకుండలేని హృదయమును, పలికిన మాటలో సత్యమును, వినవలసిన మాటకు తెఱచిన వాకిలిని మాకు ప్రసాదింపుము.